చావింటికి ఫోను

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో వాళ్లు అంటారు, అంగడికి వచ్చేవాళ్లు అంటారు, చివరికి మా వీధిలో పాలు పోసే ఆయన కూడా అంటాడు. కంప్యూటర్లు బాగుచేసేవాడికి కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? ప్లగ్గు ఊడిపోయి ఉంటే చూసుకోకుండా, మానిటర్ చచ్చిపోయింది సార్ అని ఆటోలో వేసుకొచ్చేవాళ్ల మధ్య బతుకుతున్నాను. కర్నూలు కొత్త బస్టాండు వెనక సందులో నా అంగడి. పొద్దున తీసిన దగ్గర నుంచి మూసేదాకా ఎవరో ఒకరి మీద నేను అరవకుండా ఉన్న రోజు లేదు. అయితే ఇప్పుడు చెప్పబోయే సంగతిలో మాత్రం ఎవరి మీద అరవాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.

గౌస్ పీర్ నా స్నేహితుడు. ఇద్దరం ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే కంప్యూటర్ ముందు, ఒకే కుర్చీని పంచుకొని నేర్చుకున్నాం. నేను కర్నూలులోనే ఉండిపోయాను. వాడు సొంత ఊరు ఆలూరు పోయి ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. ఆదోని రోడ్డు మీద ఒక చిన్న గది, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్. హాల్ టికెట్లు, పొలాల కాగితాలు, పిల్లల కాలేజీ దరఖాస్తులు అన్నీ ఆ గదిలోనే జరిగిపోతాయి. ఏ బడిలోనూ ఒక్క పాఠం చెప్పకపోయినా ఊరంతా వాణ్ణి గౌస్ సార్ అనే పిలుస్తారు. వాళ్లమ్మ రహమతున్నీసా బొరుగుల బట్టీ నడిపి వాణ్ణి చదివించింది. ఆలూరు పోయినప్పుడల్లా ఆమె బొరుగులతో చేసే ఉగ్గాని తినకుండా నేను బస్సెక్కింది లేదు. వద్దన్నా వినేది కాదు, ఇంకో గరిటె వేసేది.

గౌస్ కంప్యూటర్‌లో ఏదైనా తేడా వస్తే నేను కర్నూలు నుంచే రిమోట్‌లో కలిపి చూసేవాణ్ణి. నా తెర మీద వాడి తెర కనిపిస్తుంది. ఇక్కడ నేను మౌస్ జరిపితే అక్కడ ఆలూరులో బాణం జరుగుతుంది. వాడు ఉన్నా లేకపోయినా, సిస్టమ్ నడుస్తున్నంతసేపు నేను కలవడానికి వీలుగా నేనే పెట్టాను. కానీ వాడు లాక్ వేసి పోయాడంటే ఆ కలవడం గుమ్మం దాకా పోయి నిలబడటమే. లోపలికి అడుగు పెట్టాలంటే గౌస్ పాస్‌వర్డ్ కొట్టాలి. అది వాడు ఎవరికీ చెప్పడు. పెళ్లానికి చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

దానికి వాడి కారణం వాడికి ఉంది. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో, వేరే సెంటర్‌లో, ఎవడో కుళ్లుబోతు ఒక పిల్లవాడి కాలేజీ ఎంపికలు రాత్రికి రాత్రి మార్చేశాడు. ఆ పిల్లవాడు అడగని ఊళ్లో, అడగని చదువు వచ్చి పడింది. అది విన్నప్పటి నుంచి గౌస్‌కి కంటి మీద కునుకు లేదు. టీ తాగడానికి పక్క కొట్టుకు పోయినా లాక్ వేసే పోతాడు. ఏమప్పా, లోపల రిజర్వు బ్యాంకు పెట్టుకున్నావా అని ఎగతాళి చేసేవాణ్ణి.

"నవ్వుకో. ఇది నా సిస్టమ్ గాదప్పా. ఇంతమంది పిల్లోళ్ల బతుకులు దీంట్లో ఉండాయి. రేపు ఏమన్నా అయితే ఎవురు జవాబు చెప్పేది?" అనేవాడు.

ఆ రోజు పొద్దున నేను అంగడి తీసి ఊడుస్తుండగా మా పాత స్నేహితుల గ్రూపులో మెసేజ్ వచ్చింది. గౌస్ వాళ్లమ్మ పోయింది. ఆమె కూతురు షబీనా హోస్పేట నుంచి రావాలి, సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక మట్టి చేస్తారు.  మధ్యాహ్నం బస్సుకు పోతే మట్టి వేళకు అందుకోవచ్చని లెక్క వేసుకున్నాను. చేతిలో ఉన్న పని తొందరగా ముగించి షట్టర్ దించబోతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అన్నా, ఆలూరు నుంచి మాట్లాడతాండా. హర్షిణి. నా సర్టిఫికెట్ ఎక్కకపోతే గౌస్ సార్ ఒకతూరి మీతో మాట్లాడించినారు."

గుర్తొచ్చింది. గొర్రెల గోపన్న కూతురు. గోపన్న మందను తోలుకొని సంవత్సరంలో సగం ఊరూరా తిరుగుతుంటాడు, ఫోన్‌కు కూడా దొరకడు. తల్లి మద్దమ్మ పత్తి పొలాలకు కూలికి పోతుంది, చలికాలం దాటగానే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోతుంది. ఒక ఏడు రోగం తగిలి వాళ్ల మంద సగం పైన చచ్చిపోయింది. డాక్టరు రావడానికి వారం పట్టింది. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న ఈ పిల్ల, నేనే పశువుల డాక్టరు అవుతానని అందట. ఎనిమిదో తరగతిలో అందరం ఏదో ఒకటి అంటాం. ఈ పిల్ల అన్నంత పనీ చేసింది. కడప వైపు సర్కారు పశువైద్య కాలేజీలో, ఆఖరి విడత కౌన్సెలింగ్‌లో, ఆమెకు సీటు వచ్చింది. ముందు రోజు సాయంత్రమే గౌస్ నాకు ఫోన్ చేసి, మా ఆలూరు నుంచి గొర్రెల డాక్టరమ్మ వస్తాండాదప్పా అని మురిసిపోయాడు. సొంత కూతురికి వచ్చినా అంత మురిసేవాడు కాడు.

సీటు వచ్చిందంటే సరిపోదు. ఈ సీటు నాకు సమ్మతమే అని కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఒప్పుకోవాలి. ఆ రోజు సాయంత్రం ఐదు దాకే గడువు. ఒప్పుకోకపోతే సీటు వరసలో తర్వాత ఉన్నవాళ్లకు పోతుంది. ఆఖరి విడత కాబట్టి మళ్లీ పిలవరు. పొద్దున్నే రా తల్లీ, నీ కోసం అంగడి ముందుగా తీస్తాను అని గౌస్ చెప్పాడట. హర్షిణి పోయేసరికి షట్టర్ సగం తెరిచి ఉంది, లోపల ఫ్యాను తిరుగుతోంది, గౌస్ లేడు. అమ్మకు బాగలేదని ఎవరో వచ్చి పిలిస్తే పరుగెత్తాడని పక్కనున్న టీకొట్టాయన చెప్పాడు. కాసేపటికి ఆయనే షట్టర్ దించి, ఇంక ఈ పొద్దు అంగడి తియ్యరు పొమ్మన్నాడు.

"ఆ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ నీ దగ్గర లేదా?" అని అడిగాను.

"సారే పెట్టినారన్నా. ఆ సిస్టమ్‌లోనే ఉండాది."

"మరిచిపోయినానని కొడితే ఓటీపీ వస్తుంది కదా?"

"అది సార్ ఫోనుకే పోతాది."

నాకు ఒళ్లు మండింది కానీ అందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. మద్దమ్మ నంబరు రీచార్జి ఉన్నన్నాళ్లే ఉంటుంది. వలస పోయి వచ్చేసరికి ఇంకో నంబరు. అటువంటి ఇళ్ల పిల్లలందరికీ గౌస్ తన నంబరే ఇస్తాడు. కాలేజీ వాళ్లు పంపే ఏ కబురైనా తన ఫోనుకు వస్తే, తాను ఇంటికి పోయి చెప్పొచ్చని.

ఉండమ్మా, ఫోన్ పెట్టొద్దు అని చెప్పి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రిమోట్ కలిపాను. కలిసింది. సిస్టమ్ ఆన్‌లోనే ఉంది. ఆ క్షణం పని అయిపోయిందనే అనుకున్నాను. తెర తెరుచుకుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఏదో కొండ బొమ్మ, దాని మీద టైము, గౌస్ పీర్ అని పేరు, పేరు కింద ఖాళీ పెట్టె. లాక్. తల్లికి బాగలేదని పిలిస్తే పరుగెత్తుతున్నవాడు కూడా లాక్ వేసే పరుగెత్తాడు. నేను మౌస్ అటూ ఇటూ జరిపాను. మూసిన షట్టర్ వెనక, ఎవరూ లేని ఆ గదిలో, బాణం అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది.

"హర్షిణీ, లాక్ వేసి ఉంది. గౌస్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగు. ఒక్క మాట. అది నాకు చెప్పు, మిగిలింది నేను చూసుకుంటాను."

 ఆ పిల్ల వెనక నుంచి మద్దమ్మ గొంతు వినిపించింది. "చావింటికి ఫోన్ చేసి మన పని అడుగుతామా పాపా? పీనుగ ఇంకా ఇంట్లోనే ఉండాది."

నేను కొత్తగా వినే మాట కాదు అది. మా వైపు చావింటికి ఎవరైనా ఫోన్ చేశారంటే, ఎట్లా జరిగిందని మొదట అడగాలి. వాళ్లు చెప్పేది చివరిదాకా వినాలి. ధైర్యంగా ఉండమని చెప్పి పెట్టేయాలి. మధ్యలో మన అవసరం ఎత్తితే అది చచ్చేదాకా మిగిలిపోతుంది. మా నాయన పోయిన రోజు ఒకాయన ఫోన్ చేసి, పలకరించినట్టే పలకరించి, నీళ్ల మోటారు ఒకసారి ఇప్పిస్తావా అని అడిగాడు. ఆయన పేరు ఈనాటికీ మా ఇంట్లో మోటారాయనే.

అయినా నాకు సిగ్గు తక్కువ. "మీరు చెయ్యొద్దులే, నేనే అడుగుతాను" అని గౌస్‌కి ఫోన్ చేశాను. ఎవరో పెద్దాయన ఎత్తాడు. నేను నోరు తెరవకముందే, "మట్టి మగ్రిబ్ అయినాంకప్పా. బిడ్డ హోస్పేట నుంచి రావాల" అని పెట్టేశాడు. మళ్లీ చేశాను. "చెప్తి గదప్పా, మగ్రిబ్ అయినాంకని" అని మళ్లీ పెట్టేశాడు. పొద్దున్నుంచి ఎందరు అదే అడిగారో, ఆయనకు అందరూ అదే అడుగుతారనిపించినట్టుంది. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. అది చేరింది కానీ ఎవరూ చూడలేదు. కౌన్సెలింగ్ వాళ్ల నంబరుకు చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని పాట వేసి వదిలేశారు. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది.

హర్షిణి మళ్లీ చేసింది. జరిగింది చెప్పాను. "నేనే చేస్తానన్నా. నా పని నేనే అడగాల గదా" అంది. పక్కన మద్దమ్మ వద్దంటోంది. "ఏమీ అనరులేమా. గౌస్ సార్ గదా. రెండు మాటలు పలకరించి అడుగుతా" అని తల్లికి చెబుతోంది.

"శెబాష్. చెప్పంగానే ఫోన్ పెట్టేసి నాకు చెయ్. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టుకొని కూర్చుంటాను" అన్నాను.

నిజంగానే అట్లా కూర్చున్నాను. అంగడికి వచ్చినవాళ్లను రేపు రమ్మని పంపేశాను. ఆ తెర మీద ఖాళీ పెట్టెలో గీత మినుకు మినుకుమంటోంది. కాసేపటికి గౌస్ నంబరుకు నేను చేసి చూశాను. ఎంగేజ్. హర్షిణికి చేశాను. ఎంగేజ్. రెండు ఫోన్లూ ఎంగేజ్ అంటే ఇద్దరూ మాట్లాడుకుంటున్నారన్న మాట. అమ్మయ్య అనుకొని కుర్చీలో వెనక్కి వాలాను.

మళ్లీ చేశాను. ఎంగేజ్. ఎంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టుకున్నావురా నాయనా అని నాలో నేనే నవ్వుకున్నాను. ఇంకొంచెం సేపటికి నవ్వు పోయింది. ఆ తెర దానంతటదే చీకటి అయితే మౌస్ కదిపి లేపాను. మళ్లీ చీకటి, మళ్లీ లేపాను. కొండ బొమ్మ మీద అంకెలు మారుతున్నాయి. సైటు తెరవడానికి కొంత, నొక్కడానికి కొంత, నెట్ నెమ్మదిగా ఉంటే ఇంకొంత అని వేళ్లు మడిచి చూసుకుంటూ, అడుగమ్మా, అడుగు తల్లీ అని ఆ కంప్యూటర్‌ను పట్టుకొని బతిమాలుతున్నాను. తలుపు దగ్గర నిలబడి ఎవరో నన్ను వింతగా చూసి పోయారు. ఎంగేజ్. ఎంగేజ్. ఆ తెర మీద ఐదు అయింది. నేను చూస్తుండగానే ఐదు దాటింది.

అది దాటాక హర్షిణి ఫోన్ వచ్చింది.

"అన్నా, అడగలేదు."

నేను అరిచాను. ఏమని అరిచానో రాయడానికి బాగుండదు. తెలివి ఉందా అన్నాను, ఎంత పెద్ద సీటో తెలుసా అన్నాను, నా బస్సు పోయింది, నా స్నేహితుడి తల్లికి నేను మట్టి కూడా వేయలేకపోయానన్నాను. ఆ పిల్ల అన్నీ విన్నది. చివరికి, "అంతసేపు ఏం మాట్లాడుతూ ఉన్నావు?" అన్నాను.

"నేనేం మాట్లాడలేదన్నా. సార్ మాట్లాడినారు."

మెల్లగా, అక్కడక్కడా ఆగుతూ చెప్పింది. ఫోన్ ఆ పెద్దాయనే ఎత్తాడట. ఆడపిల్ల గొంతు వినిపించేసరికి, ఎవురో పాప అంటూ గౌస్ చేతికిచ్చాడు. సార్, అమ్మ ఎట్లయింది సార్ అని ఈమె అడిగింది. పొద్దున్నుంచి వందమంది ఫోన్ చేసి మట్టి ఎప్పుడని అడిగారే గానీ ఈ మాట అడిగినవాళ్లు లేనట్టుంది. గౌస్ మొదలుపెట్టాడు. బట్టీ ముందర ఇసుక వేడికి వాళ్లమ్మ మోచేతుల మీద చర్మం ఊడిపోయేదట. వీణ్ణి పక్కన బొరుగుల మూట మీద కూర్చోబెట్టుకొని ఎక్కాలు చెప్పించేదట. ఆమెకు ఎక్కాలు రావు. వీడు తప్పు చెప్పినా తెలిసేది కాదు, ఆగితేనే తప్పు అనుకొని ఆగినప్పుడల్లా తొడపాశం పెట్టేదట. కాబట్టి వీడు ఆగకుండా తప్పులు చెప్పడం నేర్చుకున్నాడట. అది చెబుతూ నవ్వాడు కూడా. ఆ పొగ ఊపిరితిత్తుల్లో పట్టుకుంది. నెల రోజుల నుంచి రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతోంది.

ఆ నవ్వు తర్వాత అడుగుదామని హర్షిణి నోరు తెరిచిందట. అంతలో గౌస్ ఆ పొద్దుటి సంగతి ఎత్తాడు. ఆ మాటలు ఆ పిల్ల నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"చొక్కా తొడుక్కుంటాంటే, అమ్మ కొంచేపు కూచో నాయనా అనె. నేను కూచోలా. అంగడికాడ పనుండాదిమా, ఇప్పుడే వస్తా అంటి. సరే పో అని చెయ్యి ఊపె. పోయి అంగడి తీసి, సిస్టమ్ వేసి పని మొదలుపెట్టినానో లేదో, పిలవను వచ్చిరి. నేను పోయేతలికి అయిపోయె. కూచోమంటే కూచోలేదుమా నేను."

గౌస్ మాటలు అంతవరకు చెప్పి, హర్షిణి తన మాట చెప్పింది. 

"ఆ పని నాదే అన్నా," అంది. "నా సీటు కోసమే సార్ అంత పొద్దున్నే పోయింది. ఆ సంగతి ఆయనకు గ్యాపకం లేదు. నాకుండాది గదా. ఆ పని కోసం అమ్మను వదిలి వస్తి అని ఏడుస్తాండే సార్‌ను, ఆ పనే చెయ్యమని ఎట్ల అడిగేది?"

 అడిగి ఉండాల్సింది అనాలని ఉంది. అడగకపోవడమే మంచిదయింది అనాలని కూడా ఉంది. ఏదీ అనకుండా, సరే తల్లీ, ఇంటికి పో అన్నాను. ఫోన్ పెట్టేశాక చూస్తే ఆ లాక్ తెర ఇంకా నా ముందే ఉంది. దాన్ని మూయడానికి నాకు చాలాసేపు చేతులు రాలేదు. అంగడిలో ఒక్కణ్ణే కూర్చొని ఏడ్చాను. రహమతున్నీసమ్మ కోసం ఏడ్చానో, ఆ పిల్ల కోసం ఏడ్చానో నాకే తెలియదు.

మరుసటి రోజు కౌన్సెలింగ్ వాళ్ల నంబరు పట్టుకొని వదలకుండా చేశాను. చివరికి ఒకమ్మాయి దొరికింది. మొత్తం చెప్పాను. పాపం ఓపికగానే విన్నది. "గడువు దాటాక సిస్టమ్ తీసుకోదండీ" అంది. ఆ మాట రోజూ నా కస్టమర్లతో నేను అనేదే. ఇంకేం చెబుతాను? ఆ సాయంత్రానికే సీటు ఇంకెవరికో ఇచ్చేశారు.

మూడో రోజు సమాధి దగ్గర ప్రార్థన చేసే జియారత్. ఆ రోజైనా పోకపోతే ఎట్లా అని తెల్లవారుజాము బస్సుకు ఆలూరు పోయాను. గౌస్ ఇంటి ముందు షామియానా, చాపల మీద బంధువులు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, మూడు రోజుల్లోనే వాడు ముసలివాడిలా ఉన్నాడు. నన్ను చూసి లేచి వచ్చి గట్టిగా పట్టుకున్నాడు. నీకు ఉగ్గాని పెట్టను అమ్మ లేదప్పా ఈసారి అన్నాడు. 

చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఆ మూడు రోజులూ వీధివాళ్లే వండి తెచ్చి పెడుతున్నారు. నేను పోయిన కాసేపటికి మద్దమ్మ జొన్నరొట్టెల గిన్నె నెత్తిన పెట్టుకొని వచ్చింది. వెనకాలే కూర గిన్నెతో హర్షిణి. నా గొంతు వినగానే పోల్చుకున్నట్టుంది, దగ్గరికి వచ్చి, "అన్నా, సార్‌కి చెప్పొద్దు. ఆయప్ప బాధ ఆయప్పకుండాది" అని గొణిగింది. నేను తల ఊపాను. ఆ పిల్లను అంతకుముందు నేను చూడలేదు. సన్నగా, బక్కగా ఉంది. చేతివేళ్ల నిండా పత్తికాయల గీతలు. ఈ పిల్ల మీదనా నేను అంత అరిచింది అనిపించింది.

గౌస్ ఆమెను చూశాడు. అక్కడున్న వాళ్లందరికీ వినపడేట్టు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఈ పాపేనప్పా. ఆ పొద్దు ఎన్ని ఫోన్లు వచ్చినా మట్టి ఎప్పుడు, మట్టి ఎప్పుడు అనేదే. మా అమ్మ ఎట్లయింది అని అడిగింది ఈ పాప ఒకటే. ఎంతసేపు చెప్పినానో నాకే తెలీదు. విన్యాది. ఒక్క మాట అడ్డం రాలా. ఆ పొద్దు ఈ పాపకు చెప్పుకోకపోతే నా గుండె పగిలిపోతాండె." అందరూ హర్షిణి వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆ పిల్ల గిన్నె అంచు పట్టుకొని నేల చూస్తోంది.

అంతలో వాడికి ఏదో తట్టింది. "అవునుమా, నీ సీటు. అది చెయ్యాల గదా. చావులో పడి మర్సేపోయినా. దా, పోయి చేసేసి వద్దాం."

"ఇప్పుడొద్దులే సార్. తర్వాత చూద్దాం సార్" అంది హర్షిణి.

"తర్వాతేంది, గడువుంటాది దానికి. దా."

"గౌస్, ఇంట్లో ఇంతమంది ఉండగా ఇప్పుడెందుకప్పా" అని నేనూ అడ్డం పడ్డాను. వాడు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. మూడు రోజులుగా ఏ తేదీ, ఏ వారం అన్నది వాడి తలలో లేదని నాకు అర్థమైంది. ఏదో ఒక పని దొరికితే చాలని ఉన్నట్టుంది పాపం. వాడి వెనక నేను, నా వెనక హర్షిణి, చివర మద్దమ్మ. అంత దగ్గరి అంగడికి మేం నడిచిన నడక నాకు ఎంతో దూరం అనిపించింది.

షట్టర్ ఎత్తాడు. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. వాడు కుర్చీలో కూర్చొని, మౌస్ కదిపి, ఎప్పటిలాగే ఎడమ చెయ్యి కీబోర్డుకు అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టాడు. ఎవరి కోసం రా ఆ చెయ్యి అడ్డం అని అరవబోయి ఆపుకున్నాను. తెర తెరుచుకుంది. ఆ పొద్దున వాడు హర్షిణి కోసం తెరిచి పెట్టిన పేజీ అట్లాగే ఉంది. పేరు, ర్యాంకు, కాలేజీ అన్నీ ఉన్నాయి. నొక్కడం ఒక్కటే తక్కువ. నొక్కాడు. గడువు ముగిసింది అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ అవే వచ్చాయి.

కింద మూలన ఉన్న తేదీ చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, వెనక్కి జరుపుకుంటూ పోయి, ఆ రోజు కాల్స్ దగ్గర ఆగాడు. నా నంబరు, నా నంబరు, హర్షిణి నంబరు, ఆ తర్వాత మళ్లీ మళ్లీ నా నంబరు. నేను పెట్టిన మెసేజ్ తెరిచి చదివాడు. వాడికి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ పొద్దున ఏ పని కోసం తల్లి పక్కన కూర్చోకుండా వచ్చాడో కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది. తెర వైపు, హర్షిణి వైపు చూశాడు.

"రెండూ పాయె" అన్నాడు.

"పోనీలే సార్. అమ్మ పోయినంత కాదు. మాకు గుంటూరు ఉండనే ఉండాది" అంది మద్దమ్మ గుమ్మంలోంచి. ఆమె ఓదార్చాలనే అంది. ఆ మాటకు గౌస్ ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"పాస్‌వర్డ్ అడగనేనామా ఫోన్ చేసినావు?"

హర్షిణి అవునన్నట్టు తల ఊపింది.

"అడగాల గదా తల్లీ. ఒక్క మాట గదా. నేను చెప్పకపోదునా?" అన్నాడు గౌస్. "వాగినా. ఊరికే వాగినా నేను. యాడన్నా ఒకచోట ఆగింటే నువ్వు అడుగుతాంటివేమో."

"ఆగినారు సార్," అంది ఆ పిల్ల. "శానాసేపు ఆగినారు. అప్పుడు అడుగుదామనే అనుకొంటి. మీరు ఏడుస్తాంటిరి."